కచేరీలకు పోవుట - క్రొత్తవారిని వినుట

(మహాసభ రెండవనాటి సాయంకాలమున గావించిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు నిన్నటినుండి పెద్దలు విపులముగా ప్రసంగించి యున్నారు. అవి యన్నియు ముఖ్యవిషయములే. ఆ తీర్మానముల నడుమ సంగీతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనుటకు మాకవకాశ మొసగిన కార్యనిర్వాహకులకు మేము కృతజ్ఞులము. మేము సంగీత విద్వాంసులము కాము. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు శబ్దములును, సమాసములును చెప్పి విశ్రాంతి పొందినవారము. అయినను నలువది యేండ్లకు పైగా కచేరీలకు పోవుచున్నాము. పాడువానికి వలెనే వినువానికిని ఒక విద్య కలదనియు, ఒక ధర్మము కలదనియు మా విశ్వాసము. పేరు మ్రోగినవారిని వినుటతో తృప్తి పొందక, ఇంకను పేరు రానివారిని వెదకికొని పోయి వినుట ఆ ధర్మములో ప్రధానమైనది. నేటి మా ప్రసంగమున కిదియే విషయము.

ఈ దినములలో పాట వినుటకు గడప దాటవలసిన పని లేదు. గ్రామఫోను తొలినాళ్లలో పలకకు ఒక్కొక్క ప్రక్క మూడు నాలుగు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. పిదప రేడియో వచ్చెను. 1948వ సంవత్సరమున విజయవాడ ఆకాశవాణి కేంద్రము వెలసిన తరువాత, ప్రాతఃకాలమున భక్తిరంజని వినుచు మేల్కాంచిన యిండ్లు తెలుగుదేశమున కొల్లలు. ఇప్పుడు చేతిలోని సెల్‌ఫోనున యూట్యూబు తెరచినచో, గతించిన మహావిద్వాంసులును పాడుదురు, నిన్న తొలిసారి వేదిక నెక్కిన బాలికయు పాడును. ఇది గొప్ప సౌకర్యమే. దీనిని నిందించుట మా యుద్దేశము కాదు. మేమును ప్రతిదినము వినుచునే యున్నాము. కాని యింట వినునది జరిగిపోయిన సంగీతము. సభలో వినునది జరుగుచున్న సంగీతము. ఈ రెంటికిని గల భేదమును మొదట కొంచెము విశదపరచెదము.

కర్ణాటక సంగీతమున కృతి వాగ్గేయకారునిది. దానిని గురువు నేర్పిన పాఠము ననుసరించి పాడవలెను. రాగాలాపన, నెరవు, స్వరకల్పన యనునవి మాత్రము ఆ సాయంకాలమున ఆ గాయకుని మనస్సునుండి పుట్టవలసినవి. దీనినే మనోధర్మ మందురు. గాయకుడును, ఫిడేలు వాయించువారును, మృదంగము వాయించువారును ముందుగా కూడి అభ్యాసము చేసికొని వచ్చుట మన సంప్రదాయమున సాధారణముగా లేదు. ఒక్కొక్కప్పుడు ఆ మువ్వురును వేదికమీదనే మొదటిసారి కలిసికొందురు. గాయకుడు ఏ రాగ మెత్తుకొనునో ఫిడేలువారికి ముందుగా తెలియదు. పలికిన ప్రతి సంచారమును చెవితో పట్టుకొని, నీడవలె వెంబడించి, తమ వంతు వచ్చినప్పుడు తమదియైన మాటతో బదులు చెప్పవలెను. స్వరకల్పనలో గాయకుడు పొడిగించిన లెక్కను మృదంగమువారు చేజారకుండ అందుకొనవలెను. ఆ పట్టులందు 'ఏమగునో' యను నుత్కంఠయు, నెగ్గినపుడు మువ్వురి మొగములందును మెరయు చిరునవ్వును ఎదుట కూర్చున్నవానికే దక్కును.

మరియొక విశేషము కలదు. చక్కని సంగతి పడినప్పుడు శ్రోత తనకు తెలియకయే 'ఆహా' యనును. ఆ ధ్వని గాయకుని చెవిని సోకును. ఆతడు ధైర్యము తెచ్చుకొని, యింతవరకు పోని త్రోవలో నొక యడుగు వేయును. ఇట్లు శ్రోతయు ఆ పాటకు పాలివాడగుచున్నాడు. మన యాలంకారికులు కావ్యతత్త్వమును విచారించునప్పుడు కవికెంత ప్రాధాన్యమిచ్చిరో సహృదయునికిని అంత ప్రాధాన్య మిచ్చిరి. రసము గ్రంథమునందు దాచిపెట్టబడిన వస్తువు కాదనియు, యోగ్యుడైన సహృదయుని హృదయమున ఉద్బుద్ధమగు ననుభవమనియు అభినవగుప్తపాదులు నిరూపించిరి. సహృదయుడు లేని సభలో పాట యుండవచ్చునుగాని రసముండదు. కావున కచేరీకి పోవుట కేవల వినోదము కాదు. అది యొక కార్యమున సగపాలు వహించుట.

ఇక క్రొత్తవారి సంగతి. ప్రసిద్ధులను వినుట కెవరును చెప్పనక్కరలేదు. వారి పేరు గోడపత్రికమీద పడినంతనే సభ నిండును. పేరు తెలియని గాయకుని కచేరీ యనగానే మనలో పలువురు 'ఎవరో యేమో, బాగుండునో లేదో' యని యింట నిలిచిపోవుదురు. ఈ సందేహము నేటిది కాదు. కాళిదాసు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనయందు దీనినే యెత్తికొనెను. భాసుడు, సౌమిల్లుడు, కవిపుత్రుడు మొదలగు ప్రసిద్ధుల నాటకములుండగా, ఇప్పటివాడైన కాళిదాసుని రచన నేల ప్రదర్శించుట యని పారిపార్శ్వకు డడుగును. ప్రాతదను కారణముచే మెచ్చుటయు, క్రొత్తదను కారణముచే తిరస్కరించుటయు వివేకము కాదనియు, వివేకి తానుగా పరీక్షించి తెలిసికొనుననియు సూత్రధారుడు సమాధానము చెప్పును. కవికులగురువని మనము నేడు తలదాల్చుచున్న మహాకవియు నొకప్పుడు 'ఇప్పటివాడే'. ఆనాటి ప్రేక్షకులు 'ఎవరో యేమో' యని యిండ్లకు మరలియున్నచో మన గతి యేమి? తానుగా పరీక్షించుట యనగా పోయి వినుటయే. ఒకరు చెప్పగా మెచ్చుకొనువాడు రసికుడు కాడు, అనువాదకుడు.

మన తెలుగునాట గొప్పవారనిపించుకొన్న సంగీతజ్ఞుల చరిత్రములను పరిశీలించినచో, ప్రతివారి తొలిదశయందును పేరుకంటె ముందుగా వారిని విని గుర్తించిన చెవు లుండెను. 1919వ సంవత్సరమున విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల నెలకొల్పబడెను. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దాని ప్రథమాధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఇరువదియారేండ్ల ప్రాయమున అచ్చట ఫిడేలు ఆచార్యులైరి. ఆ వయస్సున ఆచార్యపీఠ మిచ్చినవారు బిరుదులను చూడలేదు, వాద్యమును వినిరి. నాయుడుగారు 1936లో ఆ కళాశాలకే యధ్యక్షులై, 1941లో మద్రాసు సంగీత విద్వత్సభవారి సంగీత కళానిధి బిరుదము నందిరి.

1930లో తూర్పుగోదావరి మండలమందలి శంకరగుప్తమున జన్మించిన మంగళంపల్లి మురళీకృష్ణ యను బాలుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుడై, 1938లో విజయవాడ త్యాగరాజారాధనోత్సవమున, ఎనిమిదేండ్ల వయస్సున కచేరీ చేసెను. హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు ఆ ప్రతిభను గాంచి 'బాల' యను మాటను ఆతని పేరునకు ముందు చేర్చిరి. 2016లో దివంగతులగువరకు లోకమాయనను ఆ పేరుతోనే పిలిచెను. ఎనుబదియారేండ్ల వృద్ధునికిని బాలుడను పేరు నిలిచిపోవుటకు ఒకనాటి శ్రోత యొక్క యానందమే కారణము.

మన కన్నులయెదుట జరిగిన యుదాహరణము మరియొకటి. 1969లో పాలకొల్లున జన్మించిన శ్రీనివాసుగారు పాశ్చాత్యవాద్యమగు మాండలినును చేపట్టిరి. వారి గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతారుగారి శిష్యులు. వారికి మాండలిను వాయించుట రాదు. వారు పాడుచుండగా బాలుడు విని, తన తంత్రులమీద పలికించుకొనెడివాడు. ఆతని మొదటి కచేరీ 1978లో గుడివాడ త్యాగరాజారాధనోత్సవమున జరిగెను. అప్పటికి తొమ్మిదేండ్లు. 1981లో మద్రాసు మార్గశిరోత్సవములందు వాయించిన పిమ్మట దేశమంతయు ఆతనివైపు తిరిగెను. మద్రాసుకంటె మూడేండ్లు ముందుగా గుడివాడ విన్నది. ఈ వాక్యమును మీరు దయతో మనస్సున నుంచుకొనుడు. ఆ యుత్సవమున 'మాండలి నేమిటి, చిన్నపిల్లవాడేమిటి' యని ఎవరైన నిర్వాహకులు వాకిట నాపియున్నచో, 2014లో నలువదియైదేండ్లకే ఆ మహానుభావుడు మరణించినప్పుడు మనము కార్చిన కన్నీటికి కారణమే లేకపోయెడిది.

అయితే గుర్తింపబడిన వారి కథలనే చెప్పుకొనుచు పోయినచో, యోగ్యులందరును ఎప్పటికైన పైకి వత్తురను భ్రమ కలుగును. అది నిజము కాదు. మే మెరిగిన యొక వృత్తాంతమును చెప్పెదము. సుమారు పదునైదేండ్ల క్రిందట, సముద్రతీర మండలములలోని యొక చిన్న పట్టణమున, నవరాత్రులలో ఒక దేవాలయ మండపమున ఇరువది యేండ్ల యువతి పాడెను. ఆమె పేరు మే మంతకుముందు విని యుండలేదు. శ్రోతలు, గుడి కావలివానితో కలిపి, పందొమ్మిదిమంది. మైకు సరిగా పలుకకపోగా దానిని తీసివేయించి, తంబూరా శ్రుతిలో తోడిరాగ మెత్తుకొనెను. ఇరువది నిమిషముల యాలాపనలో చెప్పినదానిని మరల చెప్పలేదు. గాంధారమున నిలిచినప్పుడు ఫిడేలు వాయించుచున్న వృద్ధవిద్వాంసులు కమాను దించి, కన్నులు మూసికొని వినిరి. మేము పిమ్మట రెండు పర్యాయములు రైలెక్కి పోయి యామె పాట వింటిమి. రెండవపర్యాయము మొదటిదానికంటె మేలుగను, మూడవపర్యాయము రెండవదానికంటె మేలుగను పాడెను.

నాలుగవ పర్యాయము లేకపోయెను. రెండేండ్లలో నామెకు వచ్చిన పిలుపులు వ్రేళ్లపై లెక్కింపవచ్చును. వచ్చినచోటను, ఇచ్చిన సంభావన ప్రక్కవాద్యములవారికిని, దారిఖర్చులకును చాలక, తండ్రి తన చేతిసొమ్ము వేసికొనుచుండెను. ఆయన సామాన్య గుమాస్తా. కొంతకాలమున కామె ఉద్యోగములో చేరి దూరదేశమునకు పోయెనని ఆయనయే బస్సు నిలయమున మాకు కనబడి చెప్పెను. పాడుచున్నదా యని యడిగితిమి. 'ఇంటిపని, ఉద్యోగము, తీరికెక్కడిది మాష్టారూ' యనెను. ఆ తోడి యేయంత్రమునందును నిలువలేదు. విన్న పందొమ్మిదిమందిలో ఇప్పుడెందరున్నారో తెలియదు. ఇందులో నెవరి దోషమును లేదు. ఎవరును ఆమెను వలదనలేదు. రమ్మని పిలిచినవారు చాలలేదు, అంతే. విద్య నశించుటకు శత్రువు లక్కరలేదు, ఖాళీ కుర్చీలు చాలును.

కావున కచేరీకి పోవు రసికునికి మా యనుభవమునుండి కొన్ని సూచనలు చేయుదుము. మొదటిది, ఆరంభమునకే పోవలెను. ప్రారంభమున పాడు వర్ణమునందే గాయకుని శారీరము, కాలప్రమాణము, శిక్షణము తెలిసిపోవును. రెండవది, ప్రక్కవాద్యములవారిని గమనింపవలెను. నేడు ప్రక్కన కూర్చుండి ఫిడేలు వాయించు బాలుడే రేపు ముఖ్యస్థానమున కూర్చుండవచ్చును. తని ఆవర్తనము మొదలు కాగానే కాఫీకి లేచిపోవు నలవాటు మనలో చాలమందికి కలదు. మృదంగము వాయించు యువకుడు నెలలకొలది చేసిన సాధనను చూపుటకు ఆ పదునైదు నిమిషములే ఆతనికి దొరకును. మృదంగమును ఘటమును మార్చిమార్చి వాయించుచు, ఆవర్తనములను కుదించుకొనుచు వచ్చి, తుదకు రెండును కలిసి ముక్తాయింపు వేయునప్పుడు ఖాళీ కుర్చీలను చూచుచు వాయించుట యెంత కష్టమో యోచింపుడు. మూడవది, ఒక గాయకుని ఒకమారు విని తీర్పు చెప్పరాదు. గొంతు కొక్కొక్కనాడు జలుబు చేయును, ప్రక్కవాద్యములు కుదురవు, సభ మెలకువగా నుండదు. రెండుమారులైన వినవలెను. నాలుగవది, విన్నదానిని వ్రాసి యుంచవలెను. మా యొద్ద నట్టి నోటుపుస్తకములు కొన్ని కలవు. తేది, ఊరు, పాడినవారు, రాగములు, ఒక్క వాక్యమున మా యభిప్రాయము. ఎన్నడో మూడవ కచేరీ నాడు వ్రాసికొన్న యొక పేరు పదేండ్లకు పిమ్మట గోడపత్రికలపై పెద్దయక్షరములలో కనబడినప్పటి యానందము, మొక్క నాటినవాడు కాయ కోసినప్పటి యానందమువంటిది.

'పదిమంది క్రొత్తవారిని వినినచో ఎందరు మంచివారు దొరకుదురు?' అని మిత్రులు మమ్మడుగుదురు. నిజము చెప్పవలెనన్న, ఆరేడు కచేరీలు సామాన్యముగనే యుండును. గురువు చెప్పిన పాఠమును భయముతో నొప్పగించునవే పెక్కులు. రెండు మూడింట నేదో యొక రాగము వెలుగును. మిగిలిన యొకదానికొరకే తక్కినవన్నియు. సామాన్యమైన కచేరీకి పోయిన సాయంకాలము కూడ వృథా కాదు. పాడినవారికి పదిమంది యెదుట పాడిన యనుభవము మిగులును, వినినవారికి చెవి పదునగును. సంగీతజ్ఞానము లేదని వెనుకాడు సోదరులు కలరు. జ్ఞానము వినగా వచ్చునదిగాని, వచ్చిన పిమ్మట వినవలసినది కాదు. సభ చిన్నదను చింతయు నక్కరలేదు. మద్రాసు జార్జిటౌనున వీణ ధనమ్మగారు శుక్రవారపు సాయంకాలములందు తమ యింట, మైకు లేకుండ, కొలదిమంది యెదుట వీణ వాయించెడివారు. పెద్ద విద్వాంసులు సైతము ఆ యింటికి పోయి విని, నేర్చికొని వచ్చెడివారు.

తెలుగువారమగు మనకు ఈ విషయమున నొక విశేషబాధ్యత కలదు. త్యాగరాజస్వామివారు 1767 మొదలు 1847 వరకు జీవించి, కావేరీతీరమునందలి తిరువయ్యారున నుండి తెలుగున కృతులు రచించిరి. నేడు ఆ కృతులు చెన్నపట్టణపు ధనుర్మాస సభలందును, 1978 మొదలు ఏటేట ఆరాధన జరుగుచున్న అమెరికాదేశమందలి క్లీవ్‌లాండు నగరమునందును పాడబడుచున్నవి. పాడువారిలో తెలుగు మాతృభాష కానివారు పెక్కురు. వారు శ్రద్ధతో నేర్చికొనుచున్నారు. అయినను ఊపిరి తీయుటలోనో, నెరవునకు పాదమును విరుచుటలోనో మాట రెండుగా చీలి యర్థము మారుట కలదు. ఎదుట తెలుగు శ్రోత కూర్చుండి, కచేరీ యనంతరమున మెల్లగా, ప్రేమతో, 'అమ్మా, ఆ పదమునిట్లు విరువవలెను' అని చెప్పినచో ఆ గాయని జీవితాంతము మరువదు. మేమట్లు చెప్పిన ప్రతిపర్యాయము కలము తీసి వ్రాసికొన్నవారినే చూచితిమి. వేదిక క్రింద నిలిచి పెద్దగొంతుతో తప్పుపట్టుట మాత్రము రసికధర్మము కాదు. చెన్నపట్టణమునకు ధనుర్మాసమున పోవు మన వారికి మరియొక మాట. సాయంకాలపు కచేరీలకు టిక్కెట్టు దొరకలేదని విచారింపకుడు. మధ్యాహ్నపు కచేరీలలో యువవిద్వాంసులు పాడుదురు. చాలచోట్ల ప్రవేశము ఉచితము. మా నోటుపుస్తకములలో శ్రేష్ఠమైన పుటలు ఆ మధ్యాహ్నములవే.

మన యూళ్లలోను సభలు లేకపోలేదు. కాకినాడ సరస్వతీ గానసభ నూరేండ్లు దాటిన సంస్థ. భాగ్యనగరమున చిక్కడపల్లి త్యాగరాయ గానసభ కలదు. 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి కలదు. పెద్ద పట్టణముల కివి చాలవచ్చును. చిన్న పట్టణములలో క్రొత్త గాయకునికి చాప పరచి, దీపము పెట్టి, 'పాడు నాయనా' యనువా రెవరు? ఇచ్చటనే మన సంఘము యొక్క ప్రసక్తి వచ్చుచున్నది.

పోషక మహాశయులారా! మన సంఘమునకు కల్యాణమండపము కలదు. ముహూర్తములు లేని దినములందది తాళము వేయబడి యుండును. ఇట్టి మండపములు తక్కిన సంఘములవారికిని అనేక పట్టణములలో కలవు. మా మనవి యిది. నెలకొక సాయంకాలము ఆ మండపమును క్రొత్త విద్వాంసుల కచేరీకై యుచితముగ నొసగుడు. సంవత్సరమునకు పండ్రెండు కచేరీలగును. గాయకునికిని, ప్రక్కవాద్యములవారికిని దారిఖర్చులు, భోజనము, సంభావన ముందుగనే నిర్ణయించి, కచేరీ ముగిసిన క్షణముననే, వారడుగకముందే చేతికందింపుడు. శాలువలు, జ్ఞాపికలు, పూలదండలు తగ్గించినచో ఈ వ్యయమున చాలభాగము కలిసివచ్చును. గాయకుని యింట పదునారు శాలువ లుండుటకంటె తంబూరా యొకటి యుండుట మేలు. వేదికమీద నుపన్యాసములును తగ్గింపవలెను. ఈ మాట మాకును వర్తించునని యెరుగుదుము.

మరియొక మనవి చేయక తప్పదు. ఆహ్వానసంఘములోని కొందరు మిత్రులు, 'మన సంఘ ధనముతో మన బిడ్డలనే పాడింపవలెను గదా' యని మాతో ననిరి. వారి యభిమానమును మేము గౌరవింతుము. మన బిడ్డలలో సంగీతము నేర్చువారికి విద్యానిధినుండి తోడ్పడుట మన ధర్మమే. కాని వేదిక విషయమున కులము చూడరాదని మా దృఢాభిప్రాయము. 1924లో నేటి ప్రకాశము జిల్లాలోని కరవదియందు పుట్టిన షేక్ చినమౌలానాసాహేబుగారు శ్రీరంగమున స్థిరపడి, నాదస్వరమున త్యాగరాజకృతులను పలికించి, 1998లో సంగీత కళానిధు లైరి. దేవదాసీ కుటుంబమున జన్మించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు తమ సొమ్ము వెచ్చించి త్యాగరాజస్వామివారి సమాధికి మందిరము కట్టించిరి. ఆరాధనయందు స్త్రీలు పాడుటకు వీలులేని కాలమున నిలిచి పోరాడి, ఆ హక్కును సాధించిరి. నేడు మన యాడుబిడ్డ ఆ సన్నిధిని కూర్చుండి పాడుచున్నదన్న నది ఆ తల్లి పెట్టిన భిక్ష. వారిని విన్నవారు వారి కులమడిగి యుండినచో మనకీ సంపద దక్కెడిదా? మన మండపమున నితరుల బిడ్డ పాడినచో, రేపు ఇతరుల మండపమున మన బిడ్డ పాడును. ఇంతకంటె మన బిడ్డలకు మనము చేయగల మేలు లేదు.

గృహస్థులకు నొక ముక్క. మన యిండ్ల వివాహములలో నాదస్వరమువారు వాయించుచుండగా, వారి ముందే నిలిచి బిగ్గరగా మాటలాడుకొనుట మన యలవాటు. విందునాటి సాయంకాలమున కచేరీ పెట్టించి, అతిథులను భోజనపు పంక్తులకు పిలుచుచు, గాయకునికి వంటపాత్రల చప్పుడును ప్రక్కవాద్యముగా నిచ్చుటయు కలదు. పెట్టించినచో నొక గంటసేపైన కూర్చుండి వినుడు. కూర్చుండు వీలు లేనిచో పెట్టింపకుడు. సెల్‌ఫోనును జేబులో నుంచి, బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని వినుడు. ఆ బిడ్డకు పదిమారులు చెప్పిన పాఠముకంటె, తండ్రి కన్నులు మూసికొని వినుచుండగా చూచిన యొక్క నిమిషము మేలైన పాఠమగును.

మేము కోరునది తీర్మానము కాదు. తీర్మానములు పుస్తకములలో నుండును. వచ్చునెల మొదటి ఆదివారమున మన మండపమున నొక చాప పరుపబడవలెను. ఎవరో యొక పదునెనిమిదేండ్ల బాలుడో బాలికయో తంబూరా శ్రుతి సవరించుకొని తల యెత్తి చూచునప్పుడు, పందొమ్మిదిమంది కాదు, నూటతొంబదిమంది కనబడవలెను. పాట బాగుండునో లేదో యెవరును ముందుగా చెప్పలేరు. పోయి విననిచో నెన్నటికిని చెప్పలేరు. ఈ కార్యమునకై మా వంతుగా మొదటి కచేరీ వ్యయమును మా పింఛనునుండి సమర్పించుకొనుటకు సిద్ధముగా నున్నాము. రెండవ కచేరీ భారమును వహించు మహాశయులు ఈ సభయందే లేచి తమ పేరు చెప్పుదురని మా యాశ.

 నాదస్వరూపిణియగు సరస్వతి మన సంఘమును, సర్వజనులను చల్లగా చూచుగాక.

స్వస్తి.